బీబీసీ చెరిపేసింది, పిల్లలు దాచుకున్నారు

బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూకి అభిమాని అయిన, డెబ్బై దగ్గరపడ్డ బ్రిటిష్ మనిషిని "అందులో మార్కో పోలో కథ చూశారా?" అని అడిగి చూడండి. అవుననీ చెప్పరు, లేదనీ చెప్పరు. చిన్నప్పుడు ఒకసారి చూశానంటారు, తర్వాత చాలాసార్లు విన్నానంటారు, ఫోటోల్లో చూశానంటారు, నవలగా చదివానంటారు. ఆ కథ 1964 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏడు ఎపిసోడ్లుగా బ్రిటన్‌లో ఒక్కసారి ప్రసారమైంది. ఆ ఏడింటిలో ఒక్కటి కూడా బీబీసీ దగ్గర మిగల్లేదు. అయినా తొలినాళ్ల ఉత్తమ కథల జాబితా ఎవరు వేసినా అందులో మార్కో పోలో ఉంటుంది. దాని సెట్ల గురించి, నటన గురించి గంటలకొద్దీ వాదనలు నడుస్తాయి.

బయటివాళ్లకి ఇది పిచ్చిలా కనబడుతుంది. లేని ఎపిసోడ్ బాగుందో లేదో ఎలా తేలుస్తారు? నాకూ మొదట్లో అలాగే అనిపించేది. కానీ ఈ పిచ్చి వెనక ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల అభిమానం మిగతా అభిమానాలకంటే ఎందుకు కొంచెం వేరుగా ఉంటుందో కూడా అర్థమవుతుంది.

మన దగ్గర ఈ సీరియల్ పేరు పెద్దగా వినిపించదు కాబట్టి రెండు ముక్కలు. డాక్టర్ హూ 1963 నవంబర్ 23న, శనివారం సాయంత్రం మొదలైంది. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య జరిగింది. ఆ వార్తల హడావుడిలో కొత్త సీరియల్ ఎవరి కంటా పడలేదేమోనని మరుసటి శనివారం మొదటి ఎపిసోడ్ మళ్లీ వేసి, వెంటనే రెండోది వేశారు. పాతకాలపు పోలీసు టెలిఫోన్ పెట్టెలా బయటికి చిన్నగా, లోపల విశాలంగా ఉండే టార్డిస్ అనే యంత్రంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే, డాక్టర్ అని పిలిచే ఒక పెద్దాయన కథ ఇది. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడు. మార్కో పోలోలో ఏడింటికి ఆరు ఎపిసోడ్లు తీసిందీ ఆయనే.

1963 నుంచి 1969 దాకా, అంటే నలుపు తెలుపు కాలంలో, మొత్తం 253 ఎపిసోడ్లు వచ్చాయి. 2013లో నైజీరియాలో కొన్ని దొరికాయన్న ప్రకటన వచ్చాక లెక్క చూస్తే, అందులో ఇంకా దొరకనివి 97.

ఎవరు పారేశారు?

అభిమానుల కబుర్లలో ఈ కథకి ఎప్పుడూ ఒక విలన్ ఉంటాడు. బుర్రలేని గుమాస్తా ఎవడో టేపులన్నీ తీసుకెళ్లి తగలబెట్టాడన్నట్టు చెబుతారు. అసలు సంగతి అంతకంటే మామూలుగా ఉంటుంది. మన ప్రభుత్వాఫీసుల్లో ఫైలు పోయే తీరు తెలిసినవాళ్లకి అదేమీ కొత్తగా అనిపించదు.

అప్పట్లో ఈ సీరియల్‌ని రెండంగుళాల వెడల్పున్న వీడియో టేపు మీద రికార్డు చేసేవారు. ఆ టేపు చాలా ఖరీదు. చెరిపి మళ్లీ వాడుకోవచ్చన్నదే దాని గొప్ప సుగుణం. అందుకే ప్రసారం అయిపోయి కొంతకాలం గడిచాక ఇంజనీరింగ్ విభాగం "ఈ టేపు ఇంకా కావాలా?" అని అడిగేది. వద్దంటే చెరిపి, దాని మీద ఇంకో కార్యక్రమం రికార్డు చేసేది. వద్దనడానికి కారణాలు బలంగానే ఉండేవి. నటుల సంఘం ఈక్విటీతో, సంగీతకారుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల పాత కార్యక్రమాల్ని ఇష్టమొచ్చినన్నిసార్లు తిరిగి వేయడం కుదరదు. పాతవే వేస్తూ పోతే కొత్త పని పుట్టదని నటుల భయం, అందులో న్యాయం లేకపోలేదు. పైగా 1969 నాటికి బీబీసీ ప్రధాన చానెల్ రంగుల్లోకి మారింది. నలుపు తెలుపు ఎపిసోడ్‌ని మళ్లీ చూసేదెవరు? ఇళ్లలో వీడియో ప్లేయర్లు లేవు, కొని చూసే మార్కెట్ అనే ఊహే లేదు.

టేపు చెరిపినంత మాత్రాన ఎపిసోడ్ పోయినట్టు కాదు. విదేశాలకి అమ్మడానికి బీబీసీ ఎంటర్‌ప్రైజెస్ అనే వ్యాపార విభాగం ముందుగానే ఫిల్ము ప్రతులు తీసుకునేది. పద్ధతి సూటిగా ఉండేది: మానిటర్‌లో ఎపిసోడ్ వేసి, ఎదురుగా 16 ఎంఎం ఫిల్ము కెమెరా పెట్టి చిత్రించడం. ఆ ప్రతులే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్, సైప్రస్, నైజీరియా, జాంబియా లాంటి దేశాలకి వెళ్లాయి. ఒక దేశంలో ప్రసారం అయిపోయాక అదే డబ్బా ఇంకో దేశానికి వెళ్లేది. హక్కుల గడువు తీరాక తిరిగి పంపాలి, లేదా నాశనం చేసి ఆ మాట రాతపూర్వకంగా తెలపాలి. 1972 నుంచి 1978 దాకా ఎంటర్‌ప్రైజెస్ వాళ్లు తమ దగ్గరున్న నెగెటివ్‌లనీ ప్రతుల్నీ వదిలించుకుంటూ వచ్చారు. అమ్మకానికి పనికిరాని సరుకు గోదాములో ఎందుకన్నది వాళ్ల లెక్క.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇంజనీరింగ్ వాళ్లు "ఎంటర్‌ప్రైజెస్ దగ్గర ఫిల్ము ఉందిగా" అనుకున్నారు. ఎంటర్‌ప్రైజెస్ వాళ్లు "భద్రపరచడం ఫిల్ము లైబ్రరీ పని" అనుకున్నారు. ఫిల్ము లైబ్రరీ వాళ్ల బాధ్యత ఫిల్ము మీద తీసిన కార్యక్రమాల వరకే. వీడియో టేపు మీద తీసినదాన్ని అమ్మకం కోసం ఫిల్ముకెక్కిస్తే అది వాళ్ల పద్దులోకి రాదు. ముగ్గురూ నిబంధనల ప్రకారమే నడిచారు. ఏ ఒక్కరి తప్పూ అని వేలెత్తి చూపలేం.

ఇదే కాలపు అమెరికన్ సీరియల్ స్టార్ ట్రెక్ సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. 1966 నుంచి 1969 దాకా వచ్చిన దాని 79 ఎపిసోడ్లూ భద్రంగా ఉన్నాయి. అమెరికా వాళ్లకి కళ మీద మనకంటే, ఇంగ్లీషువాళ్లకంటే ప్రేమ ఎక్కువై కాదు. అక్కడ సీరియల్‌ని సినిమాలా 35 ఎంఎం ఫిల్ము మీద తీసేవారు. మొదటి ప్రసారం తర్వాత ఊరూరా ఉన్న స్థానిక చానెళ్లకి పదే పదే అమ్ముకోవడమే వ్యాపారం. అక్కడ పాత ఎపిసోడ్ అంటే ఆస్తి. బీబీసీకి మాత్రం టీవీ నాటకం లాంటిది, ప్రదర్శన అయిపోయాక తెర దించేస్తారు. డాక్టర్ హూ తీసిన పద్ధతీ అలాంటిదే. వారమంతా రిహార్సల్ చేసి, ఒక్క సాయంత్రంలో నాలుగైదు కెమెరాలతో వరసగా, సాధ్యమైనంత తక్కువ కోతలతో తీసేవారు. నటుడు మాట తడబడినా అలాగే ఉంచేసేవారు. డాక్టర్ పాత్రని తర్వాత వేరే నటులూ వేశారు గానీ, మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ తడబాట్లకి ఈ కారణంగానే ప్రత్యేక అభిమానులున్నారు.

అందుకే రెండు దేశాల అభిమానులూ వేరువేరు పోరాటాలు చేశారు. స్టార్ ట్రెక్ ఆగిపోతుందన్న మాట వినగానే బిజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు, మూడో సీజన్ వచ్చింది. వాళ్లది రేపటి ఎపిసోడ్ కోసం పోరాటం. డాక్టర్ హూ అభిమానులకి కొత్తవి ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి, నిన్నటివే మాయమవుతున్నాయి. ఆ సంగతి చాలాకాలం వాళ్లకి తెలియనే తెలియదు.

1978

ఆ ఏడాది బీబీసీ సూ మాల్డెన్ అనే ఆవిడని ఏది ఉంచాలో ఎంచే పనిమీద తొలి ఆర్కైవ్ సెలెక్టర్‌గా నియమించింది. కార్యక్రమాలు ఎలా పోతున్నాయో అధ్యయనం చేయడానికి ఆవిడ నమూనాగా ఎంచుకున్నది డాక్టర్ హూనే. దాదాపు అదే సమయంలో ఇయన్ లెవీన్ అనే సంగీత నిర్మాత, వీరాభిమాని, పాత ఎపిసోడ్ల ప్రతులు కొనుక్కోవచ్చేమోనని ఎంటర్‌ప్రైజెస్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ పారేయడానికి కట్టి సిద్ధం చేసిన కట్టల్లో మొట్టమొదటి డాలెక్ కథ ఉంది. డాలెక్‌లంటే ఈ సీరియల్‌ని దేశవ్యాప్తంగా నిలబెట్టిన లోహపు శత్రువులు. ఆ కథ పోయి ఉంటే సీరియల్ పునాదే పోయినట్టు. పారేయడం అక్కడితో ఆగింది.

మన హైదరాబాదుకి దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. మనం ఇక్కడ టీవీ అనే వస్తువుని తొలిసారి చూస్తున్న రోజుల్లోనే అక్కడ పదిహేనేళ్ల టీవీ చరిత్ర చెత్తబండి ఎక్కుతోంది.

చెవులతో చూసినవాళ్లు

పోయిన ఎపిసోడ్లు ఎన్నున్నా, వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం పూర్తిగా మిగిలి ఉంది. ఇది చాలామంది నమ్మలేని విషయం. దాచింది బీబీసీ కాదు. 1960లలో పది, పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలు ఇంట్లో ఉన్న రీలు టేపు రికార్డరు మైకుని టీవీ స్పీకరు ముందు పెట్టి రికార్డు చేసుకున్నారు. ఒకళ్లిద్దరు గడుసువాళ్లు టీవీ లోపలి తీగలకే నేరుగా వైరు కలిపి, ఇంట్లో చప్పుళ్లు పడకుండా తీసుకున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎపిసోడ్ మళ్లీ రాదు, రేపు బడిలో దాని గురించి మాట్లాడుకోవాలి, అంతే వాళ్ల ఆలోచన. చరిత్రని కాపాడుతున్నామని ఆ పిల్లల్లో ఎవరూ అనుకుని ఉండరు. ఈ సంగతిని త్యాగగాథలా చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, నాకు ఆ పిల్లల స్వార్థమే ముచ్చటగా అనిపిస్తుంది.

మాటలు వింటే కథ కళ్లకి కడుతుందా అంటే, ఆకాశవాణిలో ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్ద చిత్రం విని పెరిగిన తెలుగువాళ్లకి ఆ అనుమానం రాకూడదు. ఏ పాత్ర ఎప్పుడు లోపలికొచ్చిందో, ఎవరి చెంప ఎవరు పగలగొట్టారో చెవితోనే పట్టేసేవాళ్లం. చూడని సినిమాకి మన బుర్రలోనే సెట్లు వేసుకునేవాళ్లం. డాక్టర్ హూ అభిమానులు చేసింది సరిగ్గా అదే. తేడా ఒక్కటే. మనం తర్వాత థియేటర్‌కి వెళ్లి మన ఊహని సరిచూసుకోగలిగాం, వాళ్లకి ఆ వీల్లేదు. 1990ల నుంచి బీబీసీ ఈ ఇంటి రికార్డింగుల్నే శుభ్రం చేయించి, నటుల వ్యాఖ్యానం జోడించి, క్యాసెట్లుగా, సీడీలుగా అమ్మింది. చట్టం ప్రకారం చూస్తే అప్పట్లో ఆ పిల్లలు చేసింది అనుమతి లేని నకలు. చివరికి హక్కుదారుడికి అమ్ముకోవడానికి మిగిలింది ఆ నకలే.

బొమ్మల వైపు వస్తే జాన్ క్యూరా అనే లండన్ ఫోటోగ్రాఫర్ పేరు చెప్పుకోవాలి. టీవీ తెరని ఫోటోలు తీసి, వాటిని నటులకీ దర్శకులకీ అమ్మడం ఆయన వృత్తి. తమ పనికి ఆనవాలుగా చూపించుకోవడానికి వాళ్లకి అంతకంటే వేరే దారి లేదు. ఇరవై ఐదు నిమిషాల ఎపిసోడ్‌కి అరవై డెబ్బై ఫోటోలు తీసేవాడు. వాటిని టెలీస్నాప్స్ అంటారు. బీబీసీ కాగితాలు దాచే కావర్‌షామ్ కేంద్రంలో ఇలాంటివి కొన్ని ఫైళ్లలో బయటపడ్డాయి. మార్కో పోలో ఫోటోలు మాత్రం ఎక్కడా లేవనే అనుకున్నారు. 2000ల్లో వారిస్ హుస్సేన్ తన సొంత కాగితాల్లో దాచుకున్నవి వెలుగులోకి వచ్చాయి, ఆయన తీసిన ఆరు ఎపిసోడ్లవీ. నాలుగో ఎపిసోడ్ తీసింది వేరే దర్శకుడు, దానికి ఫోటోలు లేవు. అందుకే ఇవాళ మార్కో పోలో "చూసేవాళ్లు" శబ్దానికి ఫోటోలు వరసగా చేర్చిన వీడియోల్లో చూస్తారు. ఇలాంటి వీడియోల్ని అభిమానులే ఓపిగ్గా తయారుచేసి పంచారు. ఖాళీ క్యాసెట్టూ తిరుగు పోస్టేజీ పంపితే చాలు, డబ్బు తీసుకునేవారు కాదు.

నాకు అన్నిటికంటే నవ్వొచ్చే సంగతి ఆస్ట్రేలియా సెన్సారు వాళ్లది. పిల్లలు భయపడతారని వాళ్లు కొన్ని ఎపిసోడ్లలో భయంకరమైన క్షణాల్ని కత్తిరించారు. కత్తిరించిన ముక్కల్ని పద్ధతి ప్రకారం ఫైలు చేసి ఉంచారు. 1996లో ఇద్దరు అభిమానులు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో వాటిని కనిపెట్టారు. 1968 నాటి ఫ్యూరీ ఫ్రమ్ ద డీప్ అనే ఆరు ఎపిసోడ్ల కథ మొత్తం పోయింది. అందులో ఇద్దరు మనుషులు నోళ్లు బార్లా తెరిచి విషవాయువు వదిలే దృశ్యం మాత్రం ఉంది. ఎవరూ చూడకూడదని తీసేసిన కొద్ది సెకన్లే ఇప్పుడు అందరూ చూడగలిగినవి.

దొరికినవి ఎలా దొరికాయి

సైప్రస్, నైజీరియా, హాంకాంగ్, న్యూజిలాండ్ ఇలా ఎక్కడెక్కడి నుంచో డబ్బాలు తిరిగొచ్చాయి. డాలెక్‌ల కథ ఒకదానికి చెందిన రెండు ఎపిసోడ్లు 1983లో లండన్‌లో ఒక మోర్మన్ చర్చి నేలమాళిగలో దొరికాయి. అక్కడికెలా చేరాయో ఇప్పటికీ అభిమానులకి ఇష్టమైన పొడుపుకథ. 2011లో బయటపడ్డ రెండు ఎపిసోడ్లు ఒక ఫిల్ము సేకర్త ఎప్పుడో ఒక బడి సంతలో కొనుక్కున్నవి. ఏం కొన్నాడో, అవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవని, ఆయనకి చాలా ఏళ్లు తెలియలేదు.

2013 అక్టోబర్‌లో అన్నిటికంటే పెద్ద వార్త వచ్చింది. ఫిలిప్ మారిస్ అనే అన్వేషకుడు నైజీరియాలోని జోస్ పట్టణంలో ఒక టీవీ రిలే కేంద్రం స్టోర్‌రూములో దొరికిన డబ్బాల నుంచి తొమ్మిది కొత్త ఎపిసోడ్లు తెచ్చాడు. ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్ కథ పూర్తయింది. ది వెబ్ ఆఫ్ ఫియర్ కథలో ఒకే ఒక్క ఎపిసోడ్ తప్ప అన్నీ చేరాయి. ఆ లేని మూడో ఎపిసోడ్ ఏమిటో తెలుసా? తర్వాత ఈ సీరియల్లో దశాబ్దాలపాటు కొనసాగిన సైనికాధికారి లెత్‌బ్రిడ్జ్ స్టూవర్ట్ తొలిసారి కనిపించేది అందులోనే. ఆ ఏడాది వేసవంతా అభిమానుల టెన్షన్ చెప్పనలవి కాదు. దొరికినవి తొంభై అని ఒకరు, అన్నీ దొరికేశాయి దాచిపెడుతున్నారని ఇంకొకరు పుకార్లు పుట్టించారు. తొమ్మిది ఎపిసోడ్లన్న మాట వినగానే నిరాశపడ్డవాళ్లూ ఉన్నారు.

దొరికిన ఫిల్ముని ఉన్నది ఉన్నట్టు వేస్తే పని అయిపోదు. అసలు వీడియో టేపులో సెకనుకి 50 చిత్రాంశాలుండేవి, అందుకే కదలిక స్టేజీ నాటకం చూస్తున్నట్టు సజీవంగా ఉండేది. దాన్ని 16 ఎంఎం ఫిల్ముకెక్కించినప్పుడు సెకనుకి 25 ఫ్రేములయ్యాయి. చూడ్డానికి పాత సినిమాలా ఉంటుంది. పోయిన ఆ మధ్య క్షణాల్ని కంప్యూటరు లెక్కలతో తిరిగి కల్పించే విడ్‌ఫైర్ అనే పద్ధతిని అభిమానులైన సాంకేతిక నిపుణులే తయారుచేశారు.

రంగుల కథ ఇంకా విచిత్రం. 1970 నుంచి 1974 దాకా మూడో డాక్టర్ జాన్ పెర్ట్వీ కాలం. అవన్నీ రంగుల్లోనే తీశారు, అన్నీ ఏదో ఒక రూపంలో మిగిలాయి గానీ కొన్నిటికి నలుపు తెలుపు ఫిల్ములే దొరికాయి. రంగుల సంకేతాన్ని నలుపు తెలుపు మానిటర్‌లో వేసి ఫిల్ము తీసినప్పుడు తెర మీద సన్నటి చుక్కలు పడేవి. అన్నాళ్లూ వాటిని లోపమనే అనుకున్నారు. నిజానికి రంగు సమాచారమంతా ఆ చుక్కల్లోనే దాగి ఉంది. బీబీసీలో ఇంజనీరుగా పనిచేసిన రిచర్డ్ రసెల్ రాసిన సాఫ్ట్‌వేర్ ఆ చుక్కల్ని చదివి అసలు రంగుల్ని తిరిగి రప్పించింది. రంగులు అద్దడం కాదది, ఆనాడు స్టూడియోలో ఉన్న రంగులే.

అసలు చిత్రం బొత్తిగా లేనివాటికి ఇప్పుడు యానిమేషన్ వేస్తున్నారు. రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్ తొలి కథ ది పవర్ ఆఫ్ ద డాలెక్స్‌కి సరిగ్గా యాభై ఏళ్లకి, 2016 నవంబర్ 5న, పాత శబ్దం మీద కొత్త బొమ్మలు వేసి విడుదల చేశారు. కొత్తవాళ్లకి అది మంచి దారే. నాకు మాత్రం ఫోటోల వరసే ఇష్టం. ట్రౌటన్ నటనలో సగం మాట్లాడని క్షణాల్లో ఉంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆయన కళ్లు ఎటు తిరిగాయో గీసినవాడికి తెలియదు. క్యూరా ఫోటోలో కనీసం ఒక్క క్షణమైనా నిజం.

మిగిలినదాన్ని బట్టి తీర్పు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. లేని ఎపిసోడ్ బాగుందో లేదో ఎలా తేలుస్తారు? నిజానికి తేల్చలేరు. అయినా తీర్పులిచ్చేశారు, ఆ తీర్పులు దశాబ్దాలపాటు నిలిచాయి. 1981 నవంబర్‌లో బీబీసీ 2 కొన్ని పాత కథల్ని తిరిగి వేసేదాకా హార్ట్‌నెల్ కథల్ని మళ్లీ చూసే అవకాశమే ఎవరికీ లేదు. అప్పటిదాకా అభిమానుల అభిప్రాయాలు నడిచింది చిన్ననాటి జ్ఞాపకాల మీద, నవలల మీద. టార్గెట్ ప్రచురణల కింద వచ్చిన ఆ నవలల్లో అరవైకి పైగా రాసింది టెరన్స్ డిక్స్ ఒక్కడే. నవలలో సెట్టు ఊగదు, కాస్ట్యూము జిప్పు కనబడదు.

రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. ది టూమ్ ఆఫ్ ద సైబర్‌మెన్ 1967లో వచ్చి మాయమైంది. చిన్నప్పుడు చూసి భయపడ్డవాళ్లు పెద్దయ్యాక దాన్ని ఆకాశానికెత్తారు. సమాధుల్లోంచి సైబర్‌మెన్ అనే సగం మనిషి, సగం యంత్రపు శత్రువులు లేచి వచ్చే దృశ్యం అంతటిది ఇంతటిదన్నారు. 1992లో నాలుగు ఎపిసోడ్లూ హాంకాంగ్ నుంచి వచ్చాయి. ఆ దృశ్యం నిజంగానే బాగుంది. కానీ టోబర్‌మన్ అనే నల్లజాతి పనివాడి పాత్రని ఎలా రాశారో కూడా అందరికీ కనబడింది. కండలు, విధేయత తప్ప అతనికి మాటలే దాదాపు లేవు. జ్ఞాపకంలో ఆ సంగతి ఎవరికీ మిగల్లేదు.

ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్ దీనికి పూర్తిగా తలకిందులు. ఆరింటిలో మూడో ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. అది గదుల్లో, నడవాల్లో నత్తనడక నడిచే భాగం. వంటవాడు విసుక్కోవడం తప్ప పెద్దగా ఏమీ జరగదు. దాన్ని చూసి మొత్తం కథ ఇంతేలే అని పక్కన పెట్టేశారు. 2013లో మిగతా ఐదూ వచ్చాక చూస్తే, మొదటి ఎపిసోడ్‌లోనే హోవర్‌క్రాఫ్టు, హెలికాప్టరు, తుపాకులతో పరుగులు. పైగా ట్రౌటన్ ద్విపాత్రాభినయం. ఒకడు మన డాక్టర్, రెండోవాడు సాలమాండర్ అనే నియంత. గొంతు, నడక, కళ్లు అన్నీ వేరు. ద్విపాత్రలు చూసి చూసి ఆరితేరిన మనలాంటి ప్రేక్షకులకి కూడా ముచ్చటేస్తుంది. రాత్రికి రాత్రి ఆ కథ ట్రౌటన్ ఉత్తమ కథల్లో చేరిపోయింది. కథ మారలేదు కదా, నలభై ఐదేళ్లుగా అదే ఉంది.

అందుకే పాత అభిమానులు ఎపిసోడ్‌ని మెచ్చుకున్నప్పుడు వాళ్లు దేన్ని మెచ్చుకుంటున్నారో కాస్త ఆగి చూడాలి. నవలనా, శబ్దాన్నా, ఫోటోలనా, ఎనిమిదేళ్ల వయసులో కలిగిన భయాన్నా? మార్కో పోలో విషయంలో ఈ నాలుగూ కలిసిపోయి ఒక గొప్ప కథ తయారైంది. అది తెర మీద ఎప్పుడైనా ఉందో లేదో నాకు అనుమానమే.

సేకర్తల మీద కోపం

అభిమానుల్లో ఇంకో తగవు ఎప్పుడూ రగులుతూ ఉంటుంది. కొన్ని ఎపిసోడ్లు సొంత సేకర్తల దగ్గర ఉన్నాయని, స్వార్థంతో బయటపెట్టడం లేదని. ఉండొచ్చు. కానీ ఆ సేకర్తల తరం ఎలాంటి రోజుల్లో పెరిగిందో గుర్తుంచుకోవాలి. బాబ్ మంక్‌హౌస్ అంటే బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన హాస్యనటుడు, పాత ఫిల్ములు సేకరించేవాడు. ఆయన్ని సైతం ఫిల్ము కంపెనీల్ని మోసగించే కుట్ర అంటూ కోర్టుకీడ్చారు. 1979లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయనకే ఆ గతి పడితే, చెత్తకుండీ దగ్గర ఫిల్ము డబ్బా ఏరుకున్న మామూలు మనిషి దాన్ని తీసుకెళ్లి బీబీసీ గుమ్మంలో పెడతాడా? ఇస్తే లాక్కుంటారేమో, కేసు పెడతారేమో అనుకుంటాడు. తిరిగిచ్చినవాళ్లలో ఎక్కువమందికి నమ్మకస్తుడైన అభిమాని ఎవరో మధ్యవర్తిగా ఉండటం కాకతాళీయం కాదు.

ఈ తగవుకి గడువు మాత్రం మనుషులు పెట్టేది కాదు. ఆ 16 ఎంఎం ఫిల్ములు అసిటేట్‌తో చేసినవి. వేడి, తేమ తగిలితే అసిటేట్ విరిగి వెనిగర్ వాసన వస్తుంది, ఫిల్ము ముడుచుకుంటుంది, ఒకసారి మొదలైతే ఆగదు. సేకర్తలు చనిపోతే వారసులకి ఆ డబ్బాలేమిటో తెలియదు. పైన అంటించిన చీటీ ఒకటి, లోపలి ఫిల్ము ఒకటి కావడం మామూలే, అందుకే వెతికేవాళ్లు చీటీని నమ్మరు, ప్రతి రీలూ తెరిచి చూస్తారు.

రేపు ఒక్క కథ దొరుకుతుందంటే ఏది కావాలని అభిమానులు ఒకరినొకరు అడుగుతుంటారు. ఎక్కువమంది మార్కో పోలో అంటారు, లేదంటే డాక్టర్ రూపం మారి హార్ట్‌నెల్ స్థానంలో ట్రౌటన్ వచ్చే ది టెన్త్ ప్లానెట్ చివరి ఎపిసోడ్ అంటారు. నేనైతే ది స్పేస్ పైరేట్స్ అంటాను. 1969లో వచ్చిన ఈ ఆరు ఎపిసోడ్ల కథ ఏ జాబితాలో చూసినా అట్టడుగున ఉంటుంది. మిగిలింది రెండో ఎపిసోడ్ ఒక్కటే. జాన్ క్యూరా ఆ ఏడాదే పోయాడు, దీనికి ఆయన ఫోటోలు కూడా లేవు. రాసింది మాత్రం రాబర్ట్ హోమ్స్, తర్వాతి దశాబ్దంలో ఈ సీరియల్‌కే అత్యుత్తమ రచయితగా పేరు తెచ్చుకున్నవాడు. ఒక్క ఎపిసోడ్ చూసి ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్‌ని ఎలా తీసిపారేశారో చూశాక, ఆ అట్టడుగు ర్యాంకుని నేను నమ్మను. చూశాక అది నిజంగానే చెత్త కథ అని తేలినా ఫర్వాలేదు, అప్పుడు చూసి తిడతాం.